ఖాళీ ఉయ్యాల ఊపకండి

నేను ఒక పనసచెక్క ఉయ్యాలను. నాలుగు గొలుసులతో దూలానికి వేలాడే తొట్టి ఉయ్యాలను. లోకంలో నాకు అన్నిటికన్నా భయం ఒక్కటే: నాలో నిద్రపోతున్న పసిబిడ్డ కింద పడిపోవడం. చెదలంటే భయం లేదు, పొయ్యిలోకి పోతానన్న భయం అసలే లేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే కాసేపట్లో నాకు కోపం వస్తుంది, కోపంలో అసలు సంగతి పక్కకు పోతుంది. మీరు ఈ ఒక్క ముక్క మనసులో పెట్టుకుని మిగతాది వినండి.

మీకు నేను తెలుసు. తెలీదనకండి. పట్నం దాటి సముద్రం పక్క రోడ్డులో వెళ్తే 'తాతల వీధి' అని కట్టారు కదా, ఒక పక్క బట్టల కొట్లు, ఒక పక్క హోటళ్ళు, మధ్యలో ఎప్పుడూ ఎవరూ కాపురం చెయ్యని పెంకుటిళ్ళు. టికెట్టుతో పాటు మీకో అట్టముక్క ఇస్తారు. దాని మీద ఇరవై ఒక్క గళ్ళు. వీధంతా తిరిగి ఇరవై ఒక్క ఫొటో స్పాట్లూ వెతికి, అన్ని చోట్లా ఫొటో దిగి, గళ్ళన్నిటిలో ముద్ర వేయించుకుంటే చివర్లో ఐస్‌క్రీం ఉచితం. అందులో ఏడో నంబరు నేను. మీ ఫోనులో వెతికి చూడండి, ఉంటాను. మీరు నవ్వుతూ ఉంటారు, నేను మీ పక్కన ఖాళీగా ఊగుతూ ఉంటాను.

ఖాళీగా! అక్కడే నాకు ఒళ్ళు మండేది.

నన్ను చేసింది అనకాపల్లి అవతల ఒక ఊళ్ళో వీరభద్రాచారి అనే వడ్రంగి. మాట తక్కువ మనిషి. నలభై రోజులు చెక్కాడు. అంచుల మీద వేలు పెట్టి రాస్తే ఎక్కడా పేడు గుచ్చుకోకూడదని, తన చేతి వేళ్ళు కాయలు కాచి ఉంటాయి కాబట్టి తెలీదని, భార్యను పిలిచి ఆమె చెంపను నా అంచులకు ఆనించి చూశాడు. ఆమె సిగ్గుపడి చచ్చింది. "ఏటీ సోద్యం, నలుగురూ సూత్తన్నారు" అంది. "నీ బుగ్గకి గుచ్చుకోకపోతే పిల్ల బుగ్గకీ గుచ్చుకోదే" అన్నాడాయన.

పని అయ్యాక నన్ను చింతకొమ్మకు వేలాడదీసి, నాలో బిడ్డను కాదు, రాళ్ళు వేశాడు. రుబ్బురోళ్ళలో తిప్పే పొత్రాలు ఉంటాయి చూడండి, అవి ఊరంతా తిరిగి అడిగి తెచ్చి వేశాడు. ఇద్దరు పెద్దమనుషుల బరువు ఉంటుంది. ఆపకుండా వందసార్లు ఊపాడు. నేను ఊపిరి బిగబట్టి ఊగాను. గొలుసు సాగలేదు, కొక్కెం వంగలేదు. అప్పుడు ఒక్క మాట అన్నాడు. "బిడ్డని ఏసే ముందర రాయిని ఎయ్యాల. రాయి పడితే మళ్ళీ తీసి పెట్టుకుంటాం." అంతే. తువ్వాలు దులుపుకుని అన్నానికి పోయాడు. నా చదువంతా ఆ ఒక్క మాటే. ఇంకో అక్షరం నాకు రాదు.

నన్ను చేయించుకున్నది చిన్నమ్మలు. ఊరి ఆడవాళ్ళందరికీ చుట్టమే. ఆమె కొడుకును మోశాను, తర్వాత ఆమె ఆడపడుచు కూతుర్ని, ఆ తర్వాత పక్కింటి కవలల్ని. మొదటి నలుగురూ జబ్బు పడకుండా గుండ్రాళ్ళలా పెరిగేసరికి నాకు పేరొచ్చింది. "చిన్నమ్మలప్ప తొట్టి మంచి తొట్టి" అన్నారు. అప్పట్నుంచి నాకు ఇల్లంటూ లేదు. ఏ ఇంట్లో పురుడొచ్చి నీళ్ళాడితే అక్కడికి నెత్తి మీద పెట్టుకుని తీసుకుపోయేవారు. ఎవరింటికి వెళ్ళినా ఒకటే పద్ధతి. ఇరవయ్యొకటో రోజున దూలానికి కట్టి, ముందుగా పొత్రానికి పసుపు రాసి కాటుక పెట్టి, గుడ్డ చుట్టి, అదే బిడ్డన్నట్టు నాలో పడుకోబెట్టి ఊపేవారు. ముత్తయిదువలు నవ్వుకుంటూ దానికో పేరు కూడా పెట్టేవారు. "రాయి బతికింది, బిడ్డా బతుకుతాది" అని ముసలమ్మలు అన్నాకే అసలు బిడ్డ వచ్చేది.

దాన్ని ఆచారమన్నారు. ఆచారమనే తలుచుకుని రెండు తరాలు చేశారు. అది వీరభద్రాచారి పరీక్షేనని, ఆ ఇంటి దూలం గట్టిదో పుచ్చిందో చూసుకోవడమేనని ఎవరికీ తట్టలేదు. తట్టకపోయినా పర్వాలేదు, మానకుండా చేశారు. మనుషుల్లో నాకు నచ్చిన సంగతుల్లో అదొకటి. ఎందుకో తెలీకుండానే మంచిపని చేస్తారు. ఎందుకో తెలిశాక మానేస్తారు.

ఇంకో రెండు కట్టుబాట్లు ఉండేవి. ఒకటి, బిడ్డ లేనప్పుడు నన్ను ఊపకూడదు. గాలికి కూడా ఊగకూడదని పొత్రాన్ని నాలోనే ఉంచేవారు. రెండు, బిడ్డ పెద్దదై ఇక ఉయ్యాలలో పట్టదనుకున్న రోజున, ఆ తల్లి తన బిడ్డ బుగ్గ మీది దిష్టి చుక్క నుంచే కాటుక వేలికి తీసి, నా అడుగుచెక్క కింద ఒక చుక్క పెట్టేది. "క్షేమంగా దిగింది" అని. నా అడుగున నలభై ఒక్క చుక్కలు ఉన్నాయి. నలభై ఒక్కమందిలో ఒక్కరు కూడా నాలోంచి పడలేదు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. చెప్పాలి కాబట్టి చెబుతున్నాను.

తర్వాత స్ప్రింగు ఉయ్యాలలొచ్చాయి, వల ఉయ్యాలలొచ్చాయి. నన్నడిగేవాళ్ళు తగ్గారు. ఒక రోజు పాత సామాన్ల బండి వచ్చింది. చిన్నమ్మలు గుమ్మంలో నిలబడి చాలాసేపు ఆలోచించింది. చివరికి నన్నిచ్చి రెండు ప్లాస్టిక్ కుర్చీలు తీసుకుంది. పొత్రం మాత్రం ఇవ్వలేదు, పచ్చడి రుబ్బుకోవడానికి ఉంచుకుంది. నలభై ఒక్కమంది పిల్లలకు రెండు కుర్చీలు! అయినా ఆమె మీద నాకు కోపం లేదు. మోకాళ్ళ నొప్పులు, కింద కూర్చోలేకపోయేది. కుర్చీ కావాలి మరి.

పాత సామాన్ల కొట్లో విరిగిన మంచాల మధ్య పడున్న నన్ను, జుట్టు ముడేసుకున్న ఒకాయన చూసి "అబ్బ, ఎంత ఒరిజినలో!" అన్నాడు. నా వయసుకు ఇన్నాళ్ళకు ఒకరు విలువిచ్చారు కదా అని మురిశాను. తాతల వీధికి తీసుకెళ్ళి ఆయన మొదట చేయించిన పనేమిటో తెలుసా? నాకు రంగు వేయించాడు. పాతదానిలా కనపడే రంగు! పాతదాన్నే నేను! పాతదానికి పాతరంగు వేసే తెలివి ఎక్కడ నేర్పుతారో తెలీదు. అడుగు వైపు ఎవరూ చూడరని అక్కడ వెయ్యలేదు. నా చుక్కలు బతికాయి.

తర్వాత దూలం. ఏడో స్పాట్ అంటే మూడు గోడల మండువా. గోడల మీద అడ్డంగా గొప్ప టేకు దూలం. నన్ను దానికి తగిలించగానే తెలిసిపోయింది. అది దూలం కాదు. లోపల బోలు. సన్నటి చెక్క పెట్టె చేసి, పైన ప్లాస్టరు పూసి, టేకు చారలు కుంచెతో గీశారు. కొక్కేలకు బోల్టులు బిగించారు, ఆ బోల్టులు పట్టుకున్నది వేలెడు మందం లేని చెక్కను. అక్కడ ఎవరూ రాళ్ళు వెయ్యలేదు. "ఎలాగూ ఖాళీగానే కదా ఉంటుంది" అన్నాడు ముడి జుట్టాయన. పక్కన ఒక బోర్డు పెట్టారు: ఊపండి, నవ్వండి, ఫొటో దిగండి.

ఊపారు. అబ్బో, ఎంతమంది ఊపారు! పొద్దున పదింటి నుంచి ఊపుతూనే ఉన్నారు. "ఏడోది దొరికిందే!" అని ఆడపిల్లలు పరుగెత్తుకొచ్చి, నా పక్కన నిలబడి, లేని బిడ్డను జోకొడుతున్నట్టు మొహం పెట్టి, ముద్ర వేయించుకుని, ఎనిమిదో దానికి పరుగెత్తేవారు. పెళ్ళి కుదిరిన జంటలొచ్చేవి. గడ్డాలున్న మగాళ్ళు నాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని "నన్నూ ఊపవే, మా అమ్మ సరిగ్గా ఊపలేదు" అని పళ్ళికిలించేవారు. అప్పుడల్లా పైన బోల్టు దగ్గర టిక్కుమని చిన్న చప్పుడయ్యేది. నాకు తప్ప ఎవరికీ వినపడేది కాదు.

ఒకసారి ఒక ముసలావిడ మాత్రం ఆపింది. మనవరాలి చెయ్యి పట్టుకుని "ఒసేయ్, ఖాళీ ఉయ్యాల ఊపకే! పిల్లలకి కడుపునొప్పొస్తుంది" అంది.

"ఏ పిల్లలకి అమ్మమ్మా? ఇక్కడ పిల్లలెవరు?"

"ఎవరో ఒకరికొస్తుంది. నువ్వు పుట్టాక మూడు నెలలు ఊరు లేచిపోయేలా ఏడ్చావు, ఎవత్తో ఇలాగే ఊపి ఉంటుంది."

"అబ్బా, వీడియో అయ్యాక తిట్టవా, నీ గొంతు పడుతోంది" అంది మనవరాలు. ఆవిడ గొంతుతోనే వీడియో పెట్టుకుని ఉంటుంది, తమాషాగా ఉందని.

ఇలా ఏడాది గడిచాక లోవలక్ష్మి వచ్చింది. తుని పక్క పిల్ల. ఇరవై రెండేళ్ళుంటాయేమో. ఎనిమిదో తరగతిలో బడి మాన్పించారు. తాతల వీధిలో ఊడ్చేవాళ్ళు కూడా చూడముచ్చటగా ఉండాలి కాబట్టి, గళ్ళ చీర కట్టించి, ముక్కుకు నొక్కుడు పుడక పెట్టించి చీపురు చేతికిచ్చారు. మొదటి రోజే నా కింద ఊడుస్తూ వంగి, నా అడుగు చూసి ఆగిపోయింది. వేలితో ఒక్కో చుక్కా తడిమింది. ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"సింహాచలం బాబాయ్, ఇది ఉత్తుత్తి ఉయ్యాల కాదు. పిల్లలు పెరిగిన ఉయ్యాల" అంది, గేటు దగ్గరి కాపలా ముసలాయనతో.

"అవునా? మరి మిగతా ఈధంతా ఉత్తుత్తిదే కదమ్మా. నా మీసం తప్ప" అన్నాడాయన. ఆయన చేత బుర్రమీసం పెంచించారు, ఉద్యోగంలో అదొక షరతు.

ఆ సాయంత్రం వెళ్ళిపోయే ముందు, పచ్చళ్ళ కొట్టు ముందు అలంకారానికి పెట్టిన రోట్లోంచి ఒక పొత్రం మోసుకొచ్చి నాలో పెట్టింది. ఏడాది తర్వాత నా కడుపులో పొత్రం బరువు. ఏడుపొచ్చిందంటే నమ్మండి. మర్నాడు మేనేజరు ప్రణీత్ దాన్ని తీయించేశాడు. "ఫ్రేము పాడవుతోంది. రాయేంటి ఉయ్యాల్లో? అర్థం లేకుండా" అన్నాడు. ఆమె రోజూ సాయంత్రం పెట్టేది, ఆయన రోజూ పొద్దున తీయించేవాడు.

లోవలక్ష్మికి ఎనిమిది నెలల కూతురు, మోక్షిత. ఇంట్లో చూసుకునే అత్త రొయ్యల కంపెనీలో పనికి కుదిరింది. మొగుడు లారీ మీద పోతే వారానికోసారి కనపడేవాడు. అంతే, బిడ్డను చూసేవాళ్ళు లేరు. సిబ్బంది పిల్లల్ని తీసుకురాకూడదని అక్కడ రాసిపెట్టి ఉంది. తీసుకొచ్చింది. ఏం చేస్తుంది? నాకెదురుగా అలంకారానికి కట్టిన వట్టి ధాన్యపు గాదె ఉంది. దాని వెనక చీర పరిచి పడుకోబెట్టింది. రెండు గజాలు ఊడ్చేది, వెళ్ళి బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేది. మళ్ళీ రెండు గజాలు. ఊపిరి ఆడుతోందా, చీమలెక్కాయా, పాలు కక్కి పొరబోయిందా. మీరు నవ్వకండి. పిల్లల తల్లులెవరూ నవ్వరు. నిద్రపోయే బిడ్డ మరీ నిశ్శబ్దంగా ఉంటే గుండె ఎలా జారుతుందో వాళ్ళకు తెలుసు.

మూడో రోజు బిడ్డ ఏడ్చింది, ప్రణీత్ చూశాడు. లోవలక్ష్మి చీపురు వదిలేసి పరుగెత్తుకొచ్చింది.

"సార్, ఈ ఒక్క నెల సార్. మా అత్తని ఒప్పించీసుకుంటాను. ఏటీ పాడుసెయ్యదు సార్, పడుకునే ఉంటాది."

ఆయన కోప్పడలేదు. తలొక పక్కకు వంచి బిడ్డను చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ బిడ్డను చూశాడు. నాకు అప్పుడే అర్థమైంది. ఆయన కళ్ళలో పడింది బిడ్డ కాదు, ఫొటో.

"ఆ గాదె వెనకెందుకమ్మా? ఉయ్యాల్లో వెయ్యి. పట్టులంగా ఏదైనా ఉందా పాపకి?"

లోవలక్ష్మి చేతులు జోడించింది, పాపం. దేవుడు దిగొచ్చాడనుకుంది. కళ్ళ ముందే ఉంటుంది, నేల మీద కాదు, చీమలెక్కవు. సంతోషంలో బిడ్డను తెచ్చి నాలో వేసింది. వేస్తూ ఒక్క క్షణం చెయ్యి ఆగింది. రాయి వెయ్యలేదని. పచ్చళ్ళ కొట్టు వైపు చూసింది. "ఊ, కానీ, జనం వస్తున్నారు" అన్నాడు ప్రణీత్. వేసేసింది.

ఎంతకాలానికి నాలో బిడ్డ! పాలవాసన, చిన్న మడమల తాపులు. ఆ సుఖాన్ని నేనెందుకు అనుభవించలేకపోయానో మీకు తెలుసు. టిక్కు. మళ్ళీ ఊపు. టిక్కు.

ఆ ఆదివారం ఏడో స్పాట్ ముందు కట్టిన వరస వీధి చివరి టీ కొట్టు దాకా పోయింది. "నిజం పాపేనా, బొమ్మా?" అని ఒకడు బుగ్గ గిల్లి చూశాడు. నిజం పాపే, ఏడ్చింది. "అయ్యో, ఏడుపు మొహం వద్దు, నవ్వించండి, మా వంతు వచ్చింది" అని వెనక నుంచి ఒకామె అరిచింది. ఎవరెవరో ఎత్తుకున్నారు, ఎవరెవరో ముద్దులు పెట్టారు, దగ్గు ఉన్నవాళ్ళు కూడా. ఒకామె తడి కాగితం తీసి మోక్షిత బుగ్గ మీది దిష్టి చుక్క శుభ్రంగా తుడిచేసింది. "ఫొటోలో మచ్చలా పడుతోంది" అంట! తల్లి పెట్టిన చుక్కను తుడిచే హక్కు నీకెవరిచ్చారమ్మా? మీ ఇంటి తలుపు తీసి ఎవరో వచ్చి మీ గుమ్మం ముందు ముగ్గు తుడిస్తే ఊరుకుంటారా? లోవలక్ష్మి చీపురు పట్టుకునే వచ్చి, భరిణె తీసి, మళ్ళీ పెట్టింది. ఆ రోజు ఐదుసార్లు పెట్టింది. ఆరోసారి భరిణెలో కాటుక అయిపోయింది.

ఇంత చేసిన మీలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, తలెత్తి పైకి చూశారా? దూలం మీ ఫొటోలో పడదు కదా. ఎందుకు చూస్తారు?

పైకి చూసింది చివరికి లోవలక్ష్మే. సాయంత్రం బిడ్డను ఎత్తుకుంటే బుగ్గ మీద తెల్లటి పొడి కనపడింది. ఎవరో పౌడరు రాసుంటారనుకుని తుడిచింది. కాసేపటికి మళ్ళీ పడింది. వేళ్ళ మధ్య నలిపి చూసింది. పౌడరు మెత్తగా ఉంటుంది, ఇది గరగరలాడింది. అప్పుడు తలెత్తింది. కొక్కెం చుట్టూ టేకు రంగు పగిలి, లోపల తెల్లటి ప్లాస్టరు పళ్ళు బయటపెట్టి ఉంది.

బిడ్డను చంకనేసుకుని ప్రణీత్ దగ్గరికి పరుగెత్తింది.

"సార్, ఆ దూలం వొదిలీసింది సార్. ఓపాలి వొచ్చి సూడండి."

"అది డిజైనమ్మా. పాతది కదా, పగుళ్ళుంటేనే అందం."

"కాదు సార్, పొడి రాల్తంది. పిల్ల మొకం మీద పడతంది."

"ఇంజనీర్లు చూసి కట్టారు. నువ్వేం చదివావు?"

"ఎనిమిది, సార్."

"మరి?" అన్నాడు, నవ్వుతూ. ఆ నవ్వు నేను మర్చిపోను. "రేపు టీవీ వాళ్ళొస్తున్నారు. పాపను తెల్లలంగాలో తీసుకురా. తీసుకురాకపోతే నువ్వూ రానక్కర్లేదు."

మర్నాడు గేటు తీయకముందే వచ్చింది. బిడ్డ చంకలోనే ఉంది. తెల్లలంగా వెయ్యలేదు. నేరుగా నా దగ్గరికి వచ్చి నిలబడి, సింహాచలాన్ని పిలిచింది.

"బాబాయ్, పిల్లని ఒక్క నిమిసం పట్టుకో. దూరంగా నిలబడు."

"ఏటి సేత్తావే?"

"మా అమ్మమ్మ సేసిందే సేత్తాను."

పచ్చళ్ళ కొట్టు రోళ్ళలోంచి రెండు పొత్రాలు ఒకదాని తర్వాత ఒకటి మోసుకొచ్చింది. పెద్దవి. రెండోది తెచ్చేసరికి ఆయాసంతో వంగిపోయింది. రెండింటినీ నాలో పెట్టింది. పసుపు లేదు, గుడ్డ లేదు, పేరు పెట్టే ముత్తయిదువలు లేరు. పమిట బొడ్లో దోపుకుని ఊపడం మొదలుపెట్టింది. చింతకొమ్మ కింద వీరభద్రాచారి ఊపినట్టే ఊపింది. ముద్దుగా కాదు, అడిగినట్టు. చెప్పు, మోస్తావా, మొయ్యవా?

నేను మోసేదాన్నే. నా చెక్కకు ఏమీ కాలేదు, నా గొలుసులకు ఏమీ కాలేదు. కానీ నేను దేన్ని పట్టుకుని మొయ్యను?

పద్దెనిమిదో ఊపుకు దూలం పొట్ట చీలింది. ఎడమ కొక్కెం బోల్టుతో సహా ఊడొచ్చింది. నేను ఒక పక్కకు ఒరిగిపోయి, రాళ్ళతో సహా నేలకు కొట్టుకున్నాను. బిడ్డ తలపెట్టే వైపు మొత్తం నెర్రె ఇచ్చింది. ఒక పొత్రం దొర్లుకుంటూ పోయి ముద్ర వేసే బల్లను గుద్దుకుని ఆగింది. బిడ్డ తల ఉండే చోటి నుంచి దొర్లింది అది.

లోవలక్ష్మి నేల మీద కూలబడి, నోటికి పమిట అడ్డం పెట్టుకుంది. సింహాచలం బిడ్డను గుండెకు అదుముకుని "ఓలమ్మో, ఓలమ్మో" అంటూనే ఉన్నాడు. మోక్షిత ఆయన మీసం పట్టుకుని లాగుతోంది.

ప్రణీత్ వచ్చాడు. ముందు దూలాన్ని చూశాడు, తర్వాత వాచీ చూసుకున్నాడు.

"పిచ్చా నీకు? ఉయ్యాల్లో రాళ్ళెవరైనా వేస్తారా? ప్రాపర్టీ అది! రాళ్ళేసి నాశనం చేశావు!"

లోవలక్ష్మి లేచి నిలబడింది. ఆ పిల్ల గొంతు పైకి లేవడం నేను మొదటిసారి విన్నాను.

"అవును సార్, నేను రాళ్ళే ఏసేను. నిన్నటిదాకా మీరు ఏటేసేరు సార్? సెప్పండి. ఏటేసేరు అందులో?"

ప్రణీత్ జవాబు లేనివాళ్ళు చేసే పనే చేశాడు, ఉద్యోగంలోంచి తీసేశాడు. పుడకా గళ్ళ చీరా అప్పజెప్పి పొమ్మన్నాడు. వెళ్ళే ముందు ఆమె నా దగ్గరికి వచ్చింది. నేను బోర్లా పడి ఉన్నాను, చుక్కలన్నీ పైకి కనపడుతున్నాయి. మోక్షిత బుగ్గ మీద ఆ పొద్దున పెట్టిన కొత్త కాటుకలోంచి వేలికింత తీసి, నలభై ఒకటి పక్కన ఇంకొకటి పెట్టింది. "క్షేమంగా దిగింది" అంది. ఎవరికి చెప్పిందో నాకు తెలుసు.

టీవీ వాళ్ళను ఎనిమిదో స్పాట్‌కు తీసుకెళ్ళారు.

ఇప్పుడు నేను తాతల వీధి వెనక, వంటిళ్ళ గోడ పక్కన పడి ఉన్నాను. పనికిరాని కుర్చీలు, విరిగిన ప్లాస్టిక్ తామరపూలు నాకు తోడు. సింహాచలం టిఫిను డబ్బా తెచ్చుకుని నా పక్కనే కూర్చుని తింటాడు. కబుర్లన్నీ ఆయన నోటి నుంచే. చిన్నమ్మలు కుర్చీల్లాంటి కుర్చీ కూడా ఇక్కడ ఒకటి ఉంది, కాలు విరిగి. ఎవరి గతి ఎవరికి తెలుసు?

ఈ చోటు నాకు చాలు. వానకు తడుస్తాను, ఎండకు ఎండుతాను, చెదపుట్టలో కలుస్తాను. నలభై రెండు చుక్కలున్నదాన్ని, నాకేం లోటు? ఇక్కడితో కథ ఆపేసి హాయిగా కళ్ళు మూసుకునేదాన్నే. కానీ మూసుకోలేను.

ఏడో స్పాట్ మళ్ళీ తెరిచారు. దూలం మార్చలేదు. చీలికలో ప్లాస్టరు కూరి, పైన కొత్త చారలు గీసి, రెండు జానల అవతల కొత్త కన్నాలు పెట్టి, ఫైబరు ఉయ్యాల ఒకటి తెచ్చి తగిలించారు. బోర్డు కింద కొత్తగా ఇంకో వరస రాయించారట: పెద్దలు కూర్చోరాదు. అంటే వాళ్ళకు తెలుసు! తెలిసే తగిలించారు! పచ్చళ్ళ కొట్టు ముందు పొత్రాలు తీసేసి అట్టతో చేసిన పొత్రాలు పెట్టారు, ఇంకెవరూ మోసుకురాకుండా.

నిన్న సింహాచలం డబ్బా తెరిచి, ముద్ద పెట్టుకోకుండానే మళ్ళీ మూత పెట్టేశాడు. ఆ తర్వాత చెప్పాడు. లోవలక్ష్మి స్థానంలో కొత్తగా ఒకమ్మాయి చేరిందట. పేరు వరహాలు. నాలుగు నెలల కొడుకట. చూసుకునేవాళ్ళు లేరట. ప్రణీత్ సార్ చాలా మంచివాడని, బిడ్డను పనిలోకి తెచ్చుకోనిచ్చాడని అందరికీ చెప్పుకుంటోందట.

"నేను సెప్పేను దానికి" అన్నాడు సింహాచలం, నాతోనో తనతోనో. "దూలం సంగతి సెప్పేను. ఇంజనీర్లు సూసేరంట కదా బాబాయ్, అంది."

గోడ అవతల నుంచి నాకు ఇప్పుడు కూడా వినపడుతోంది. జనం గోల, ఫోను పాటలు, "ఏడోది దొరికిందే" అన్న కేక. వాటన్నిటి అడుగున, ప్రతి ఊపు చివరా, టిక్కు. ఆ చప్పుడు నాకు తెలుసు. నిన్నటికన్నా ఇవాళ ఇంకా పెద్దగా వినపడుతోంది.

నాకు కాళ్ళు లేవు. నోరుంది కానీ గోడ దాటదు. మీకు రెండూ ఉన్నాయి. ఎలాగూ వస్తారు కదా, ఆదివారం కాకపోతే ఆ పై ఆదివారం, అట్టముక్క పట్టుకుని. ఐస్‌క్రీం ఎక్కడికీ పోదు. ఈసారి ముందు ఏడో దానికి వెళ్ళండి. ఫోను జేబులో పెట్టండి. వరసలో నిలబడకండి, తోసుకుని ముందుకు వెళ్ళండి, తిడితే తిట్టనివ్వండి. ముందు తలెత్తి కొక్కెం చుట్టూ చూడండి. తర్వాత ఉయ్యాలలో చూడండి. బుగ్గ మీద తెల్లటి పొడి ఉంటే మేనేజరును వెతక్కండి, ఎవరినీ అడగొద్దు. రెండు చేతులూ అడుగున పెట్టి బిడ్డను ఎత్తి తల్లికివ్వండి. వరహాలు అని పిలవండి, పలుకుతుంది. దగ్గర్లోనే ఊడుస్తూ ఉంటుంది.

ఆ బిడ్డకు పేరింకా పెట్టలేదట. ఒక్కసారి వెళ్ళి చూసి రండి.